ఆరని మీసాలు

అక్టోబరు పదిహేడో తారీకు పొద్దున్న చికా వచ్చి, అడక్కూడని మాట ఒకటి అడిగి పోయింది. అడక్కూడదని పాపం ఆవిడకేం తెలుసు! హొరియె అమ్మగారింట్లో ఇరవై ఏళ్ళుగా వంటా వార్పూ చూసుకుంటున్న మనిషి. అమ్మగారు పరుపు మీంచి లేవలేక, టీపొడి డబ్బా ఎంతవరకూ వచ్చిందో కళ్ళారా చూసి రమ్మని పంపితే, కనజావాలో అసానో వంతెన దాటి నడిచి వచ్చింది.

లక్కపని చేసే మునెజో డబ్బాని పట్టుగుడ్డ మీద పెట్టి చూపించాడు. గుప్పిట్లో ఇమిడే డబ్బా. అద్దంలా మెరిసే నల్లటి లక్క మీద, గాలికి ఒక పక్కకి వాలిన రెల్లు, అంతా బంగారు రజనుతో. రెల్లు మొదలు దగ్గర ఒక కీచురాయి. వీపు, మడిచిన వెనక కాలు, తల, కళ్ళు అన్నీ అయ్యాయి. మీసాలొక్కటే మిగిలాయి.

చికా చేతులు చాప మీద ఆనించి వంగి చాలాసేపు చూసింది. "ఈ గడ్డి చూస్తుంటే మెడ మీద గాలి తగిలినట్టుందండీ. ఎవరి చెయ్యండీ ఇది?" అంది.

ఆ ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు లేదు. అక్కణ్ణించి బయటికెళ్ళే ప్రతి వస్తువూ కితదె మునెజోది, అంతే. కానీ కిటికీ పక్కన కూర్చుని రజను జల్లించుకుంటున్న సుగి, తలెత్తకుండానే, "నాదే" అంది. గొప్పకి పోయి అనలేదు. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

చికా చెప్పులేసుకుని వెళ్ళి, వీధి తలుపు జరిగిన చప్పుడు వినిపించేదాకా మునెజో ఊరుకున్నాడు.

"గడ్డికి చెయ్యేమిటి?" అన్నాడు అప్పుడు. "పురుగు ఉంది కాబట్టి గడ్డిని చూస్తారు. ఈ ఇంట్లో ఒక్కటే చెయ్యి. నిన్నెవరు నోరు తెరవమన్నారు?"

"అడిగింది కదా అని చెప్పాను బావగారూ."

"అయితే రేపట్నించి రాకు. అడిగేవాళ్ళ దగ్గరికే పోయి చెప్పుకో."

సుగి ఆయన పోయిన తమ్ముడి భార్య. యాభై ఎనిమిదేళ్ళు. మొగుడు పోయిన ఏడాది ఈ పనిగదిలోకి వచ్చి, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గడ్డీ ఆకులూ వేస్తోంది, రజను జల్లుతోంది, కుంచెలు కడుగుతోంది, తేమబీరువా చూస్తోంది. ఆవిడ లేచింది. జల్లెడ దులిపి పెట్టెలో పెట్టింది. తన కుంచెలు నూనెలో ముంచి మూత పెట్టింది. లక్క తేమలోనే ఆరుతుంది కాబట్టి, పోయేముందు తేమబీరువాలో గుడ్డలు తడిపి పిండి వేలాడదీసింది. గుమ్మం దగ్గర వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళకి అంతే వీడ్కోలు.

నోరు జారితే జారింది గానీ, ఆ కోపానికి అసలు కారణం మునెజో కుడిచెయ్యి. మూడేళ్ళుగా అది వణుకుతోంది. ఊళ్ళో ఎవరికీ తెలియదు. సుగికి తెలుసు, తెలిసినట్టు ఒక్కనాడూ ఉండదు. దాంతో ఈయనకి మరీ మంట.

హొరియె అమ్మగారు ఈ డబ్బా అడిగి కూడా మూడేళ్ళయింది. శరత్తుకి సెలవు చెబుతూ నేస్తాల్ని పిలిచి పద్ధతి ప్రకారం ఒకసారి టీ ఇవ్వాలని ఉంది, దానికో కీచురాయి చేసిపెట్టమని అడిగింది. మునెజో ఇదిగో అదిగో అని వాయిదాలు వేస్తూ వచ్చాడు. ఈ ఏడు వానాకాలం వెళ్ళాక ఆవిడ కడుపులో కంతి ఉందన్నారు. వసంతం చూడదన్నారు. ఆవిడ ఏడవలేదుట. ఇరవై ఎనిమిదో తారీకుకి అయిదుగురు పాత నేస్తాల్ని టీకి పిలిచి, డబ్బా సంగతి ఏమయిందని కబురు పెట్టింది.

ఇరవై ఎనిమిది దాటితే మళ్ళీ లేదు. నవంబరు ఒకటిన టీ గదుల్లో చలికాలానికి నేలపొయ్యి తెరుస్తారు. పొయ్యి తెరిచాక పురుగు బొమ్మున్న వస్తువేదీ బయటికి తియ్యరు. మునెజో పనిగదిలో నమూనా కాగితాల సొరుగులు కూడా నెలల వారీగానే ఉంటాయి. ఏప్రిల్లో సీతాకోక, జూన్‌లో మిణుగురు, ఆగస్టులో మిడత, సెప్టెంబరులో తూనీగ, అక్టోబరులో కీచురాయి. నవంబరు సొరుగు ఖాళీ. ఎవరైనా నవంబరులో కీచురాయిని బయటపెడితే కనజావాలో నవ్వుతారు. ఆ ముసలావిడ అలాంటి పని చస్తే చెయ్యదు, వచ్చే అక్టోబరు దాకా బతకదు. మూడేళ్ళు తాను నెట్టుకుంటూ వచ్చినదంతా ఇప్పుడీ పదకొండు రోజుల మీద పడిందని మునెజోకి తెలుసు.

పద్దెనిమిదో తారీకు పొద్దున్న ఆయన వేణ్ణీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అలా నానబెడితే ఒక గంటసేపు వణుకు అణుగుతుంది. ఆ గంటలోనే ఇన్నాళ్ళూ కీచురాయిని వీపొకనాడు, కాలొకనాడు చేసుకుంటూ వచ్చాడు. తలకీ కళ్ళకే ఎనిమిది పొద్దులు పట్టాయి. మీసాలు అలా విడతలుగా కుదరవు. ఒంటికి ఒకటిన్నర రెట్లుండే గీత, ఒక్క ఊపిరిలో మొదలై ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ఎక్కడ తడబడినా కీచురాయి బొద్దింకైపోతుంది.

దానికి వాడేది ఎలుక వెంట్రుకల కుంచె. బియ్యం మోసే పడవల్లో పెరిగిన ఎలుకల వీపు వెంట్రుకలతో కట్టినది, వాళ్ళ నాన్న నాటిది. ఇప్పుడు ఆ పడవలూ లేవు, ఆ కుంచెలు కట్టేవాళ్ళూ లేరు. ఇంట్లో అదొక్కటే మిగిలింది. లక్క గట్టిపడి పాడైపోకుండా దాన్ని ఎప్పుడూ నూనెలో ఉంచుతారు. రోజూ అయితే ఆయన కూర్చునేసరికి కుంచె కడిగి కుడిపక్కన పెట్టి ఉండేది. ఈ రోజు తానే తీసుకున్నాడు. పలక మీద గరిటెతో నొక్కాడు, నూనెని కరిగించే కర్పూర తైలంలో ముంచాడు, మళ్ళీ నొక్కాడు. మూడుసార్లు అలా చేశాక నూనె కనిపించలేదు. చాలనుకున్నాడు.

ఊపిరి బిగబట్టి మొదటి మీసం గీశాడు. చెయ్యి మాట విన్నది. రెండోది ఇంకా బాగా వచ్చింది. తల మీంచి లేచి, వీపు మీదుగా వంగి, రెల్లు సందులోకి పోయి ఆగిపోయింది. తడి ఆరకముందే రజను జల్లి, డబ్బాని తేమబీరువాలో పెట్టి తలుపు వేశాడు. ఇదివరకు యాభై ఏళ్ళ వయసులో గీసినవి కూడా ఇంత బాగా లేవనిపించింది. మధ్యాహ్నం చద్దన్నంలో వేడి టీ పోసుకుని, ముల్లంగి పచ్చడి నంజుకుంటూ ఒక్కడే నవ్వుకున్నాడు. ఎవరు లేకపోతే ఏం ఆగిందట, అని కూడా అనుకున్నాడు.

పంతొమ్మిదో తారీకు బీరువా తెరిచి, డబ్బాని నోటి దగ్గరికి తెచ్చుకుని మెల్లగా ఊదాడు. లక్క ఆరడం మొదలైతే, ఊపిరి తగిలినచోట నీలిగా పొగ పట్టి చిటికెలో పోతుంది. ఏమీ పట్టలేదు. అక్టోబరు గాలి పొడిగా ఉంటుంది, తేమ చాలలేదేమోననుకుని గుడ్డలు మళ్ళీ తడిపాడు. నీళ్ళు కారేలా తడిపాడు.

ఇరవయ్యో తారీకు మళ్ళీ ఊదాడు. లేదు. మెలిపెట్టిన కాగితం మొనతో మీసం చివర తాకి చూశాడు. కాగితానికి బంగారం అంటుకొచ్చింది. కింద లక్క గీసిన క్షణంలో ఎలా ఉందో అలాగే, పచ్చిగా ఉంది.

అప్పుడు అర్థమైంది మునెజోకి. నూనె. కుంచె వెంట్రుకల మొదళ్ళలో, కంటికి కనపడనంత నూనె మిగిలి ఉంటుంది. నూనె కలిసిన లక్క రెండు రోజులకి కాదు, రెండేళ్ళకి కూడా ఆరదు. లక్కపని చేసే ఇంట్లో పాకే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. తెలిసి ఏం లాభం! డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, దేశమంతా పేరున్న మనిషి, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా తన కుంచె తాను కడుక్కోలేదు. ఎన్నిసార్లు కడగాలో చూడనైనా చూడలేదు.

దూదికి కర్పూర తైలం అద్ది, ఆ రెండు మీసాలూ తానే తుడిచేశాడు. తుడుస్తుంటే కళ్ళు మసకబారాయి. ముక్కు మీదికి జారిన చుక్క డబ్బా మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కుంచె ఈసారి పదిసార్లు కడిగాడు. వేణ్ణీళ్ళలో చెయ్యి పెట్టాడు. గీశాడు, వణికింది, తుడిచాడు. మళ్ళీ నీళ్ళు కాచాడు. గీశాడు, తుడిచాడు. పెద్ద తొందరేమీ లేనట్టు ఒళ్ళు ఊరుకుంటేనే ఆ చెయ్యి కూడా ఊరుకుంటుంది. ఇప్పుడు ఒంట్లో ప్రతి నరమూ తొందరపడుతోంది. ఆ రోజు ఆరుసార్లు, మర్నాడు ఏడుసార్లు. ఒకసారి గీత సగం దాకా బాగా వచ్చి, ఆ సంతోషానికే చెయ్యి అదిరింది.

ఆ ఇరవై ఒకటినే మధ్యాహ్నం చికా వచ్చింది. అమ్మగారు పరుపు టీ గదిలోకి మార్పించుకున్నారని చెప్పింది. గంజి రెండు చెంచాలు కూడా ఇమడడం లేదని, అయినా ఆ రోజున డబ్బా పట్టుకోవడానికి చేతిలో సత్తువ ఉండాలని బలవంతాన తాగుతున్నారని చెప్పింది. "రోజూ లేవగానే పురుగు బయల్దేరిందా అని అడుగుతున్నారండీ. ఏమని చెప్పను?"

"ఆరుతోందని చెప్పు" అన్నాడు మునెజో. బీరువా తలుపుకి అడ్డంగా నిలబడి అన్నాడు.

చికా వెళ్ళాక అక్కడే కూలబడ్డాడు. ఊళ్ళో పురుగులు వేసే చెయ్యి ఇంకొక్కటే ఉంది. ఆ ఇంటివాళ్ళకీ వీళ్ళకీ నాన్నగారి కాలం నించీ మాటల్లేవు. పోయి కాళ్ళ మీద పడినా, వాళ్ళ పనే వాళ్ళకి పీకల దాకా ఉంటుంది. పోనీ ఉన్నదున్నట్టు అమ్మగారికి రాసేద్దామని కాగితం తీశాడు. మొదటి అక్షరమే కోడి గెలికినట్టు వచ్చింది. ఆ ఉత్తరం చూస్తే చాలు, ఇంకేమీ చదవక్కర్లేదు. దాన్ని చింపి, చింపిన ముక్కలు ఏం చెయ్యాలో తోచక చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు. ఇంత బతుకూ బతికి చివరికి ఒక ముసలావిడకి ఇచ్చిన మాట నిలుపుకోలేని వాణ్ణయ్యానని, ఎవరూ లేని గదిలో పైకే అన్నాడు.

ఇరవై రెండు పొద్దున్న సుగి ఉండే సందులోకి వెళ్ళాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ సందులోకి రావడం రెండోసారో మూడోసారో. సుగి వాకిట్లో చాప వేసుకుని, పొరుగావిడతో కలిసి వగరు పెర్సిమన్ పళ్ళు చెక్కు తీస్తోంది. తీసిన పళ్ళు తాళ్ళకి గుచ్చి చూరు కింద ఎండబెడుతున్నారు. ఆయన్ని చూసి లేవబోయి, ఎందుకో లేవకుండానే తల వంచింది.

మునెజో నిలబడ్డాడు.

"కుంచెలో నూనె... ఎన్నిసార్లు కడుగుతావు?" అన్నాడు ఆఖరికి.

"లెక్కేమీ లేదు. పలక మీద నొక్కితే కుంచె జారకుండా పట్టుకోవాలి. అప్పటిదాకా."

"నేను మూడుసార్లు కడిగాను."

సుగి చేతిలో చాకు ఆగింది. "ఆరలేదా?"

"లేదు."

పొరుగావిడ పొయ్యి మీద ఏదో ఉందంటూ లేచి లోపలికి పోయింది. మునెజో అరుగు అంచున కూర్చున్నాడు. పదమూడుసార్లు తుడిచిన సంగతి, చికాకి చెప్పిన అబద్ధం, అమ్మగారి గంజి, అన్నీ అడ్డదిడ్డంగా చెప్పుకొచ్చాడు. చెయ్యి సంగతి కూడా మొదటిసారి నోటితో చెప్పాడు. అన్నీ చెప్పి, "నువ్వొచ్చి మీసాలు వెయ్యి" అన్నాడు.

"నాకు రావు బావగారూ."

"అంత రెల్లు వేసినదానివి..."

"రెల్లు వేరు. ఆయన పోయిన ఏడాది, పాత చెక్క ముక్క మీద సరదాకి తూనీగని వేశాను. మీరొచ్చి తుడిచేశారు. పురుగు జోలికి రావద్దన్నారు. నేను రాలేదు." ఆవిడ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "ఒక్కరోజు కూడా రాలేదు. ఇప్పుడు వెయ్యమంటే ఆ చెయ్యి ఎక్కణ్ణించి తెస్తాను?"

మునెజోకి ఆ తూనీగ గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఇంకా సిగ్గనిపించింది. ఆనాడు తుడవకపోయి ఉంటే ఈ పాటికి ఈ ఇంట్లో రెండు చేతులుండేవి. ఇప్పుడున్నది ఒక్కటే, అదీ చచ్చుపడింది. తను మూసిన తలుపుకే తన తల తగిలింది. తల కిందికి దించుకుని, "ఆవిడకి వచ్చే ఏడు లేదు సుగీ" అన్నాడు.

"తెలుసు." సుగి చాకు తుడిచి ఒరలో పెట్టింది. వేళ్ళకి పట్టిన వగరు మరక బూడిదతో రుద్ది కడుక్కుంది. "వచ్చి చూస్తాను. మీకోసం అనుకోకండి. ఆవిడకోసం."

పనిగదిలోకి రాగానే ముందు తేమబీరువా తెరిచింది. నీళ్ళోడుతున్న గుడ్డల్ని చూసి, తీసి గట్టిగా పిండి, చెంపకి ఆనించుకు చూసుకుని మళ్ళీ వేలాడదీసింది. తరవాత డబ్బాని వెలుతురులోకి తీసుకెళ్ళి అటూ ఇటూ వంచింది.

"నేల పోయింది" అంది.

మునెజో కూడా వంగి చూశాడు. కీచురాయి తల చుట్టూ, పదమూడుసార్లు తుడిచినచోట, బొమ్మకి నేలగా వేసిన అద్దంలాంటి నలుపు మసకబారి ఉంది. మీసాల ధ్యాసలో పడి ఆయన దాన్ని చూడనే లేదు. ఇప్పుడు ఎవరొచ్చి ఎంత బాగా మీసాలు గీసినా ఆ మరక దాగదు. మళ్ళీ కొత్తగా నలుపు వేసి మెరుగు పెట్టాలంటే నెల పడుతుంది.

"కప్పెయ్యాలి" అంది సుగి.

"దేంతో?"

"నాకొచ్చింది గడ్డొక్కటేగా." వేలితో గాల్లో చూపించింది. "ఇక్కణ్ణించి ఒక ఆకు, ఇటు ఒక ఆకు, తల మీదికి వంచేస్తాను. అక్టోబరు ఆఖర్న కీచురాయి మొహం ఎవరికి కనిపిస్తుంది బావగారూ? గడ్డి అడుక్కి పోతుంది. గొంతు వినిపిస్తే వినిపించినట్టు. వీపూ ఆ వెనక కాలూ ఉంటే చాలు, ఉందని తెలుస్తుంది."

"తల పోతుంది."

"పోతుంది."

ఆ తలకి ఎనిమిది పొద్దులు పట్టాయి. కితదె మునెజో పురుగుల్ని జనం కొనేదే ఆ మొహాల కోసం. ఇక ముందు ఇంకో పురుగు లేదని కూడా ఆయనకి తెలుసు. తన ఆఖరి కీచురాయి మొహాన్ని మరదలి గడ్డితో మూసెయ్యమని తన నోటితోనే చెప్పాలి. చెప్పడానికి ఆయనకి అయిదు నిమిషాలు పట్టింది. సుగి తొందరపెట్టలేదు. నూనెలోంచి కుంచె తీసి, పలక మీద నొక్కుతూ కడుగుతూ కూర్చుంది. మునెజో అప్పుడు చూశాడు, లెక్కపెట్టాడు కూడా. పదిహేడోసారికి ఆవిడ చెయ్యి ఆగింది.

"వెయ్యి" అన్నాడు.

కిటికీకి ఎదురుగా ఉన్న మెత్త మీంచి లేచాడు. అది వాళ్ళ నాన్న కూర్చున్న చోటు. సుగి ఒక్క క్షణం తటపటాయించి, మెత్త పక్కకి జరిపి ఉత్త చాప మీద అక్కడే కూర్చుంది. మునెజో వెళ్ళి ఆవిడ చోట్లో కూర్చున్నాడు. అక్కడ వెలుతురు ఇంత తక్కువని ఆయనకి తెలియదు.

సుగి ఊపిరి బిగబట్టలేదు. మామూలుగా ఊపిరి పీలుస్తూనే, ఏటవాలుగా, పొడుగ్గా, ఒక ఆకు దించింది. నల్లటి లక్కగీత కీచురాయి కళ్ళ మీంచి, మసకబారిన నేల మీంచి సాగి, చివర్న కొద్దిగా తిరగబడి ఆగింది. ఆ మొహాన్ని ఇక ఎవరూ చూడరు.

"రెండో ఆకు వేసేలోపు ఇది బిగుసుకుంటుంది" అంది సుగి, కళ్ళు తిప్పకుండా. "రజను మీరు జల్లండి."

"ఈ చేత్తోనా?"

"గొట్టం మీ పక్కనే ఉంది."

మూతికి పలచటి పట్టుగుడ్డ కట్టిన వెదురు గొట్టం. వేలితో తడుతుంటే పట్టులోంచి బంగారం సన్నగా రాలుతుంది. ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా పడకుండా, ఆగకుండా, ఒకే తీరుగా తట్టాలి. అది నేర్వడానికే చాలామందికి అయిదేళ్ళు పడుతుంది.

ఆ డబ్బా ఇరవై ఏడు సాయంత్రానికి అందింది. ఇరవై ఎనిమిదిన హొరియె అమ్మగారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, పురుగు తల కోసం వేలితో తడిమి, నాకంటే ముందే పడుకుందే అని నవ్వారుట. నవంబరు పంతొమ్మిదిన పోయారు. డబ్బా అడుగున పేరేమీ లేదని తరవాత చూసినవాళ్ళు వింతగా చెప్పుకున్నారు. రెండు పేర్లు రాయడం ఆచారం లేదు, ఒక్కటి రాయడానికి మునెజోకి మొహం చెల్లలేదు. అదంతా తరవాతి సంగతి. అప్పటికి వాళ్ళ ముందు తడిగా ఉన్న ఒక ఆకు మాత్రమే ఉంది.

మునెజో గొట్టం అందుకున్నాడు. చెయ్యి అదురుతోంది. డబ్బా మీదికి తీసుకెళ్ళేసరికి ఇంకా ఎక్కువైంది. ఎడం చేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకుని ఆపాలని చూశాడు. రజను ఒక్కచోటే ముద్దగా రాలింది. చేసినదంతా మళ్ళీ పాడుచేస్తున్నానని ఆయనకి ఏడుపొచ్చింది.

సుగి తల తిప్పి, ముందు ఆకు వంక చూసింది, తరవాత ఆయన చేతుల వంక చూసింది.

"పట్టుకోకండి బావగారూ. వణకనివ్వండి. రజను దానంతటదే సమంగా పడుతుంది" అంది.

మునెజో ఎడం చెయ్యి తీసేశాడు.